ఐదు సెకన్ల తేడాలో వృద్ధుల ప్రాణాలు

దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాలు 1,68,491 మందిని బలిగొన్నాయని కేంద్ర రవాణా శాఖ గణాంకాలు చెబుతున్నాయి. మృతుల్లో 32,825 మంది పాదచారులు. అంటే దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరు కాలినడకన వెళ్తున్నవారే. చూపు, వినికిడి మందగించిన వయోవృద్ధులకు ఈ ముప్పు మరింత ఎక్కువ. యువకుడు గాయాలతో బయటపడే ప్రమాదమే వారికి ప్రాణాంతకం కావచ్చు.

వృద్ధులు జాగ్రత్తగా ఉండాలని చెప్పడం తేలిక. కానీ చిక్కు రహదారి లెక్కలోనే ఉంది. సిగ్నళ్ల వ్యవధి నిర్ణయించేటప్పుడు సాధారణంగా సెకనుకు 1.2 మీటర్ల నడక వేగాన్ని ప్రాతిపదికగా తీసుకుంటారు. ఆ లెక్కన 12 మీటర్ల రోడ్డు దాటడానికి 10 సెకన్లు చాలు. మోకాళ్ల నొప్పులతో సెకనుకు 0.8 మీటర్లే నడవగలిగిన వృద్ధురాలికి 15 సెకన్లు పడుతుంది. గడువు ముగిసేసరికి ఆమె ముందు ఇంకా నాలుగు మీటర్ల రోడ్డు మిగిలి ఉంటుంది.

సింగపూర్ ఈ తేడాను గుర్తించింది. అక్కడ 2009 నుంచి ఎంపిక చేసిన కూడళ్లలో వృద్ధులు తమ కార్డును సిగ్నల్ స్తంభానికి తాకిస్తే దాటే సమయం పెరుగుతోంది. వృద్ధులు ఎక్కువగా నివసించే ప్రాంతాల్లో వాహనాల వేగాన్ని తగ్గించి, రెండు విడతల్లో రోడ్డు దాటేందుకు వీలుగా మధ్యలో ఆగే చోటు కల్పించే పథకం 2014లో మొదలైంది.

భారత్‌లో ఆక్రమణలు లేని కాలిబాట పాదచారుల హక్కని, అది రాజ్యాంగంలోని 21వ అధికరణంలో భాగమని సుప్రీంకోర్టు 2025 మేలో స్పష్టం చేసింది. ఆ హక్కు వీధిదాకా రావాలంటే స్థానికుల చొరవ అవసరం. కాలనీ సంక్షేమ సంఘాలు, వయోవృద్ధుల సంఘాలు కలిసి ఇంటి నుంచి బ్యాంకు, ఆసుపత్రి, గుడి వరకు పెద్దలతో పాటు నడిచి చూడవచ్చు. దాటడానికి పట్టిన సెకన్లు, కాలిబాట గట్టు ఎత్తు, అడ్డుగా నిలిపిన వాహనాలు, వెలగని వీధి దీపాలు నమోదు చేయవచ్చు. ఆ నివేదికను నగరపాలక సంస్థకు, ట్రాఫిక్ పోలీసులకు, జిల్లా రహదారి భద్రతా కమిటీకి అందించవచ్చు.

అయితే నివేదిక దస్త్రాల్లోనే మగ్గితే ఈ శ్రమ వృథా. ఏ లోపాన్ని ఎవరు, ఎప్పటిలోగా సరిచేస్తారో అధికారులు బహిరంగంగా చెప్పాలి. పాదచారులకు సమయం పెంచితే వాహనాలు కాసేపు ఆగాల్సి వస్తుందన్న అభ్యంతరమూ ఎదురవుతుంది. వాహనదారుడికి అది ఐదు సెకన్ల నిరీక్షణ మాత్రమే. రోడ్డు మధ్యలో చిక్కుకున్న వృద్ధురాలికి అదే ప్రాణం.