జీర్ణోద్ధరణ – విక్రయధర్మం

పాత వస్తువును ఉన్నదున్నట్లు అమ్మడం వేరు, బాగుచేసి అమ్మడం వేరు. ఉన్నదున్నట్లు అమ్మేవాడు దాని లోపాలను సయితం కొనేవాని కళ్ళయెదుట పెడుతున్నాడు. బాగుచేశానని అమ్మేవాడు వస్తువుతోపాటు తన మాటకు కూడా వెల కడుతున్నాడు. ఆ మాటలో నిజమెంతో కొనేవానికి అప్పటికప్పుడు తెలిసే విషయం కాదు. అందుచేత ఈ రెండవ వ్యాపారానికి మొదటిదానికన్న కఠినమైన ధర్మం ఉండవలెనని నా అభిప్రాయం. ఆ ధర్మమేమిటో ఒక రేడియో ట్యూనరును దృష్టాంతంగా తీసుకొని విచారిద్దాం.

ట్యూనరంటే రేడియోలో సగభాగం. అనేక తరంగాలలోనుంచి కోరిన స్టేషనును ఏరి, దానిలోని ధ్వనిని విడదీసి ఇవ్వడం దాని పని. వినిపించడానికి ఆంప్లిఫయరు, లౌడుస్పీకరు వేరే ఉండాలి. తరంగపు ఎత్తును గాక పౌనఃపున్యాన్ని మార్చి ధ్వనిని పంపే ఎఫ్.ఎం. పద్ధతికి అమెరికాలో ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1933లో పేటెంట్లు పొందాడు. ఉరుములూ మెరుపులూ పుట్టించే గరగర ఆ పద్ధతిలో చాలావరకు అణగిపోయింది. 1945లో అక్కడి ప్రభుత్వసంఘం ఎఫ్.ఎం.కు కేటాయించిన తరంగాల స్థానాన్నే మార్చివేయగా, అంతకుముందు జనం కొనుక్కున్న సెట్లు క్రమంగా మూగపోయినవి. 1961లో స్టీరియో ప్రసారాలకు అనుమతి లభించడంతో మేలురకపు ట్యూనర్లకు కొత్త గిరాకీ పుట్టింది.

ఆ కాలపు ట్యూనర్లలో ప్రసిద్ధమైనది మారంట్జ్ 10బి. దాని రూపకల్పనలో రిచర్డ్ సెక్వెరా ప్రముఖుడు. వాల్వులతో పనిచేసే ఈ యంత్రపు ముఖభాగాన చిన్న ఆసిలోస్కోపు తెర ఉన్నది. స్టేషను సరిగా కుదిరిందో లేదో, గోడలకూ కొండలకూ తగిలి తిరిగివచ్చిన తరంగాలు అసలు తరంగాన్ని చెరుపుతున్నవో లేదో, ఆ తెరమీది వెలుగుగీత చూపుతుంది. కంపెనీ స్థాపకుడు సాల్ మారంట్జ్ 1964లో తన సంస్థను సూపర్‌స్కోప్ వారికి అమ్మివేశాడు. ఈ ట్యూనరు తయారీకి అయిన అపారవ్యయం అందుకు ఒక ముఖ్యకారణమని చెబుతారు. ఇటువంటి వస్తువుకు నేటికీ మంచి ధర పలకడంలో ఆశ్చర్యం లేదు.

అయితే పేరు చెక్కుచెదరకపోయినా లోపలి సామాను చెడక మానదు. వాడినా వాడకపోయినా ఎలక్ట్రొలిటిక్ కండెన్సర్లు ఎండిపోతవి. రెసిస్టర్ల విలువలు జరిగిపోతవి. వాల్వుల బలం తగ్గుతుంది. స్కోపు తెర మసకబారుతుంది. వీటన్నిటికన్న సున్నితమైనది 10.7 మెగాహెర్ట్జ్ వద్ద పనిచేసే కాయిళ్ళ శ్రుతి. తొందరపాటు చేయి వాటిని కొద్దిగా తిప్పినా రేడియో పలుకుతూనే ఉంటుంది. కాని ధ్వనిలో స్వచ్ఛత పోతుంది, కుడియెడమల వేర్పాటు చెదురుతుంది. ఈ చెరుపు కంటికి కనబడదు. సాధారణమైన చెవికి వెంటనే వినబడదు. చిక్కంతా ఇక్కడనే ఉన్నది.

అంగడిలో ‘పునరుద్ధరించినది’ అన్న ఒక్క మాట మూడు వేరువేరు పనులకు చెల్లుబాటవుతున్నది. పెట్టె తుడిచి మెరుగుపెట్టినవాడూ ఆ మాటే అంటాడు. ఆగిపోయిన భాగం ఒక్కటి మార్చినవాడూ ఆ మాటే అంటాడు. శిథిలమైన భాగాలన్నీ మార్చి, సిగ్నల్ జనరేటరుతో శ్రుతి సరిచేసి, ఫలితాలు కొలిచి చూచినవాడికి కూడా మరో మాట లేదు. మొదటివాడు మూడవవాని వెల అడిగినప్పుడు అన్యాయం కొనేవానికి మాత్రమే జరగడం లేదు. నెలల తరబడి ఓపికతో పనిచేసిన ఆ మూడవవానికి కూడా జరుగుతున్నది.

కనుక అమ్మేవాడు ఒక కాగితం వ్రాసి ఇవ్వాలి. ఏ భాగాలు మార్చాడు, ఎప్పుడు మార్చాడు, వేటిని ముట్టుకోలేదు, కొలతలు ఏ పరికరంతో తీశాడు, ఇంకా మిగిలివున్న లోపమేమిటి – ఇవన్నీ అందులో ఉండాలి. తీసివేసిన పాత భాగాలను ఒక సంచిలో వేసి వస్తువుతో పాటే అప్పగించాలి. రేపు మరొకరు దాన్ని విప్పవలసివస్తే ఆ కాగితమూ ఆ సంచీ దారి చూపుతవి.

కొనేవాడే చూచుకొని కొనాలని కొందరంటారు. వంకాయ కొనేటప్పుడు ఆ మాట చెల్లుతుంది. మూత విప్పినా అర్థంకాని యంత్రం విషయంలో, తెలిసినవాడు తెలియనివానికి చెప్పకపోవడం నేర్పు అనిపించుకోదు. లోపాలు చెబితే ధర తగ్గుతుందని మరికొందరి భయం. తగ్గవచ్చు. ఆ తగ్గిన ధరే ఆ వస్తువు అసలు ధర. అంతకుమించి వచ్చినది చెప్పని మాటకు పుట్టిన లాభం.

మనదేశంలో కొనేవారికి చెప్పవలసిన సంగతులు మరి రెండున్నవి. అమెరికా విపణికి తయారైన ట్యూనరు అక్కడి తక్కువ వోల్టేజికి, 60 సైకిళ్ళ విద్యుత్తుకు ఏర్పడినది. మన 230 వోల్టులకు తగిన ట్రాన్స్‌ఫార్మరు లేకుండా తగిలిస్తే కాలిపోతుంది. అక్కడి ప్రసారాలలో హెచ్చుస్థాయి స్వరాలను సర్దే లెక్క 75 మైక్రోసెకండ్లు, ఇక్కడ 50. ఆ భాగాన్ని మార్చకపోతే పాట కొంత మందకొడిగా వినిపిస్తుంది. ఆకాశవాణి 1977లో మద్రాసులో ఎఫ్.ఎం. ప్రసారాలు ఆరంభించింది, మనకు ఈ అవసరం అప్పటినుంచీ ఉన్నదే. ట్యూనరు ఎంత గొప్పదైనా ప్రసారం ఉన్నంతవరకే దాని బ్రతుకన్నది కూడా దాచరాదు. నార్వేలో 2017లో జాతీయ ప్రసారాలు ఎఫ్.ఎం.ను విడిచి డిజిటల్ పద్ధతికి మారినవి.

భౌతికశాస్త్రం బోధించే ఉపాధ్యాయులకు ఒక మనవి. ప్రయోగశాలలో విద్యార్థి కొలతను ఉన్నదున్నట్లు వ్రాయాలని మనం పట్టుబడతాం. ఆశించిన విలువ రాకపోయినా దిద్దవద్దంటాం. ఆ అలవాటు పరీక్షతో ముగిసిపోరాదు. అదే విద్యార్థి రేపు ఒక యంత్రాన్ని బాగుచేసి అమ్మబోయినప్పుడు, అదే నిజాయితీతో ఆ కాగితం వ్రాయగలిగితే మన బోధన ఫలించినట్లే.