డబ్బా మోగితే బేస్ కాదు బేటా

మా భాంజా కారు గల్లీ మలుపు తిరగకముందే మా వంటింట్లో గిన్నెల స్టాండు మోగుతుంది. తర్వాత డిక్కీ గడగడ. పాట ఆఖర్న వస్తుంది. గల్లీలో నిలబడ్డవాళ్ళకైతే పాట రానే రాదు, రేకు చప్పుడే. వాడు మాత్రం లోపల కూర్చుని "మామూ, బేస్ ఎట్లుంది?" అని షాన్‌గా అడుగుతాడు.

అది బేస్ కాదు బేటా, డబ్బా.

ఈ మాట మా వాడొక్కడికే కాదు. మన మొహల్లాల్లోని నౌజవాన్లకీ, వాళ్ళ షౌక్‌కి పైసలిస్తున్న అమ్మీ అబ్బాలకీ కూడా. సంగీతం జాయెజా కాదా అనే బహస్ ఇక్కడ వద్దు, దానికి ఉలమాలున్నారు. నా గొడవ రేకుతో, పడోసీ హక్‌తో.

గడగడ వస్తోందని మా వాడు సౌండ్ షాపుకి వెళ్తే, "ఇంకా పెద్ద యాంప్ వేయి భాయ్, దబ్ జాతా" అన్నారట. సరాసర్ ధోకా! సబ్‌వూఫర్ గాలిని తోస్తుంది, ఆ గాలి రేకునీ ప్లాస్టిక్‌నీ ఊపుతుంది. తాకత్ పెంచితే అవి ఇంకా ఊగుతాయి. జ్వరమొచ్చినవాడికి ఇంకో రజాయి కప్పినట్టు.

ఇత్వార్ రోజు ఇద్దరం కూర్చున్నాం. 20 హెర్ట్జ్ నుంచి 100 హెర్ట్జ్ దాకా మెల్లగా పెరిగే టోన్ పెట్టాం. వాడు లోపల, నేను బయట. మోగిన చోటల్లా అరచేత్తో అదిమాను. అదిమితే ఆగిందంటే అదే ముజ్రిమ్. మొదట దొరికింది నంబర్ ప్లేట్. తర్వాత వెనక అద్దం కింది ట్రే, డిక్కీ లోపలి ప్లాస్టిక్, స్టెప్నీ గుంతలో జాకీ, పానా. చివరికి డోర్ ప్యాడ్ వెనక వేలాడుతున్న వైరు.

ప్లేటు వెనక ఫోమ్ టేప్ వేశాం. జాకీకి పాత తువ్వాలు చుట్టాం. వైరుకి గుడ్డ టేప్ చుట్టి కట్టేశాం. విరిగిన క్లిప్పులు మార్చాం. ప్లాస్టిక్, రేకు ఒరుసుకునే చోట పలచటి ఫోమ్ పెట్టాం. డిక్కీ రేకుని స్పిరిట్‌తో తుడిచి, బ్యుటైల్ షీటు ముక్కలు రోలర్‌తో గట్టిగా అంటించాం. రేకంతా కప్పక్కర్లేదు, మధ్యలో ఊగే చోట పావు వంతు అంటినా చాలా ఫరక్ తెలుస్తుంది. జిడ్డు మీద అంటిస్తే మాత్రం బేకార్. సబ్‌వూఫర్ పెట్టె కదలకుండా కింద బిగించాం. యాంప్ మీద లో-పాస్ 80 హెర్ట్జ్ దగ్గర పెట్టి, బేస్ బూస్ట్ సున్నా చేసి, గెయిన్ తగ్గించాం. గెయిన్ వాల్యూమ్ బటన్ కాదు బేటా, అదిప్పటికైనా తెలుసుకో.

కొత్త యాంప్ కొనలేదు. వాడు పాట పెట్టాడు. డగ్గా మీద దెబ్బ ఇన్నాళ్ళకి డగ్గా లాగా వినిపించింది.

ఇక్కడితో ఆపితే సగం సచ్ చెప్పినట్టే. గడగడ పోయింది, బేస్ ఎక్కడికీ పోలేదు. 40 హెర్ట్జ్ అల పొడవు ఎనిమిది మీటర్ల పైనే. షీటు రేకు మోతని ఆపుతుంది గానీ, ఆ అల గోడ దాటకుండా ఆపదు.

ఆ గోడ అవతల మా పక్కింటి ఖాలా ఉంది. గుండె ఆపరేషన్ అయి ఇంటికొచ్చింది. ఒక్కరోజూ షికాయత్ చేయలేదు. ఆమె కోడలే మొన్న మా ఆపాతో చెప్పింది, కారు లేటుగా వచ్చిన రాత్రుల్లో ఖాలా లేచి కూర్చుని ఫజర్ దాకా పడుకోదట. అడిగితే "మన పిల్లాడే కదమ్మా" అంటుందట. ఆమె మురవ్వత్‌ని మేము ఇజాజత్ అనుకున్నాం. మా వాడొక్కడే కాదు, నేను కూడా.

"బారాత్‌లో మర్ఫా మోగట్లేదా మామూ?" అన్నాడు వాడు. మోగుతుంది. దానికి ముందు దావత్ వస్తుంది, అది ఏ ఒక్క పూటో. నీ కారుకి ఖాలాని ఎవరు పిలిచారు? అర్ధరాత్రి అయితే మర్ఫా కూడా తప్పే. ఖానూన్ కూడా ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లో నివాస ప్రాంతాలకి హద్దు పగలు 55 డెసిబెల్స్, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45. పోలీసులొస్తేనే పడోసీ హక్ గుర్తొస్తుందా మనకి?

అందుకే అబ్బాలకి నా గుజారిష్. కొడుకు యాంప్‌కి పైసలడిగితే ముందు పాట పెట్టించి, బయటికొచ్చి నంబర్ ప్లేట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వణికితే పైసా ఇవ్వొద్దు, ఫోమ్ టేప్ కొనివ్వండి. గడగడ ఆగాక, గల్లీ మలుపు దగ్గరే వాల్యూమ్ తగ్గించే ఆదత్ నేర్పండి.

మా వాడు నేర్చుకుంటున్నాడు. నిన్న రాత్రి ఎప్పుడొచ్చాడో నాకు తెలియనే లేదు. గిన్నెల స్టాండు చెప్పలేదు.

ఖుదా హాఫిజ్.