పోయింది నెట్టా, మెషీనా?

"అన్నా, మళ్లీ పోయింది."

మా టీమ్‌లో కొత్తగా చేరిన ఖమ్మం అమ్మాయి నుంచి నెల రోజుల పాటు రోజూ ఇదే మెసేజ్. ఆమె ల్యాప్‌టాప్ బానే ఉంది. పోయేది వీడీఐ. అంటే స్క్రీన్ మన ముందే ఉంటుంది గానీ, అసలు మెషీన్ ఎక్కడో డేటా సెంటర్‌లో సర్వర్ మీద నడుస్తుంటుంది. మాదాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా, క్లయింట్ డేటా బయటికి పోకూడదనే ప్రాజెక్టుల్లో ఉన్నవాళ్లకి దీని గురించి కొత్తగా చెప్పక్కర్లేదు.

టికెట్ పెడితే హెల్ప్‌డెస్క్ నుంచి ఒకటే జవాబు: "మీ నెట్ చెక్ చేసుకోండి." టికెట్ క్లోజ్. మర్నాడు మళ్లీ క్రాష్, మళ్లీ అదే మాట. ఈలోగా లాగిన్ గంటలు తగ్గాయేంటని మేనేజర్ అడిగాడు. అసలే ప్రొబేషన్‌లో ఉంది. "నేను పని ఎగ్గొడుతున్నా అనుకుంటున్నారన్నా" అంది ఒకరోజు క్యాంటీన్‌లో. అప్పటిదాకా నేనూ సీరియస్‌గా తీసుకోలేదు, నిజం చెప్పాలంటే.

ముందు తేల్చాల్సింది, పోయింది నెట్టా, మెషీనా అని. తిరిగి కనెక్ట్ అయ్యాక మీరు తెరిచిన ఫైళ్లు అలాగే ఉంటే తెగింది కనెక్షనే. అన్నీ మూసుకుపోయి కొత్తగా లాగిన్ అయితే పోయింది మెషీన్. ఇంకా డౌటుంటే టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, అందులో సీపీయూ చూడండి. 'అప్ టైమ్' ఐదు నిమిషాలే ఉంటే అది రీస్టార్ట్ అయినట్టే. ఆమెది అదే.

తర్వాత ఈవెంట్ వ్యూయర్. అక్కడ ఈవెంట్ 41 కనిపించగానే దొరికేసిందని సంబరపడకండి. 'సరిగ్గా షట్‌డౌన్ కాకుండానే రీస్టార్ట్ అయింది' అనడం తప్ప అది ఎందుకో చెప్పదు. కారణం ఉండేది క్రాష్ సమయంలో రాసుకునే డంప్ ఫైల్‌లో. మా చిక్కంతా అక్కడే. మా వీడీఐ రీస్టార్ట్ అయిన ప్రతిసారీ మొదటి ఇమేజ్‌కి వెళ్లిపోతుంది. లాగ్‌లు, డంప్ అన్నీ మాయం. దొంగలు పడిన ఇంటిని పోలీసులు వచ్చేలోపే కడిగేసినట్టు!

దాంతో నోట్‌బుక్ తీశాం. ఎన్ని గంటలకి పోయింది, అప్పుడు ఏం చేస్తోంది, రెండు వారాలు రాయించాను. 11 క్రాష్‌లలో 9 వెబ్‌క్యామ్ ఆన్ చేసిన కాసేపటికే వచ్చాయి. మిగతా రెండూ నిజంగా నెట్టే. టీమ్‌లో అడిగితే ఇంకో ముగ్గురిదీ ఇదే కథ. ఎవరికి వాళ్లు తమ వైఫైని తిట్టుకుంటున్నారు. నలుగురిదీ ఒకటే ఇమేజ్.

2024 జులై 19 గుర్తుందా? మన టైమ్ ప్రకారం ఉదయం 9:39కి క్రౌడ్‌స్ట్రైక్ నుంచి ఒక అప్‌డేట్ వచ్చింది. 20 విలువలు అందే చోట సాఫ్ట్‌వేర్ 21వ దాని కోసం వెతికింది. దాదాపు 85 లక్షల విండోస్ మెషీన్లు నీలి తెర వేశాయి. శంషాబాద్ ఎయిర్‌పోర్ట్‌లో బోర్డింగ్ పాస్‌లు చేత్తో రాసిచ్చారు. క్లౌడ్‌లోని వర్చువల్ మెషీన్లనైతే 15 సార్ల దాకా రీస్టార్ట్ చేయాల్సి రావొచ్చని మైక్రోసాఫ్టే చెప్పింది. ఆ రోజు "మీ నెట్ చూసుకోండి" అని ఎవరూ ఎవరితోనూ అనలేదు. అందరివీ ఒకేసారి పడ్డాయి కదా. ఒక్కరిదే పడితే మాత్రం తప్పు ఆ ఒక్కరిదే అయిపోతుంది.

అందుకే ఈసారి నలుగురి పేరుతో ఒకటే టికెట్ పెట్టాం. టైమ్‌ల పట్టిక జత చేసి, డంప్‌ని చెరిగిపోని డిస్క్‌లోకి మళ్లించమని అడిగాం. రెండు రోజుల్లో తేలింది. ఇమేజ్‌లో వెబ్‌క్యామ్‌ని వీడీఐకి కలిపే డ్రైవర్ పాత వెర్షన్. కొత్తది పెట్టారు, క్రాష్‌లు ఆగాయి. ఆమె టైమ్‌షీట్ కూడా సరిచేశారు.

ప్రొబేషన్ దాటింది. ఇప్పుడు టీమ్‌లో ఎవరైనా "వీడీఐ పోయింది" అంటే ఆ అమ్మాయి అడిగే మొదటి ప్రశ్న: "ఎన్ని గంటలకి? ఏం చేస్తుంటే?"