దూరాన్ని దగ్గర చేసే లెన్సు

ఫిల్మ్‌నగర్‌లో హీరోయిన్‌ని తీసే స్టిల్ ఫొటోగ్రాఫర్‌కీ, యూసుఫ్‌గూడ కోట్ల విజయభాస్కరరెడ్డి ఇండోర్ స్టేడియంలో షటిల్ ఆడే కూతుర్ని తీయాలనుకునే నాన్నకీ ఒకే లెన్సు పనికొస్తుందా? వస్తుంది... 70-200 మి.మీ. టెలిఫొటో జూమ్.

ముఖానికి 85 నుంచి 135 మి.మీ. చాలు. కాస్త దూరంగా నిలబడి తీస్తాం కాబట్టి ముక్కు పెద్దదిగా కనపడదు. వెనకున్నవి మసకబారి మొహం తేటగా వస్తుంది.

ఆటకొచ్చేసరికి చిక్కంతా వెలుతురుతోనే. పరుగెత్తే మనిషి స్పష్టంగా పడాలంటే షట్టర్ సెకనులో 500వ వంతు, షటిల్‌కైతే 1000వ వంతే తెరుచుకోవాలి. చవగ్గా దొరికే 70-300 లెన్సులు పూర్తిగా జూమ్ చేస్తే చాలావరకు ఎఫ్/5.6కి చేరతాయి. ఎఫ్/2.8 లెన్సు లోపలికి రానిచ్చే వెలుతురులో అది నాలుగో వంతే! ఎండలో క్రికెట్‌కి ఫర్వాలేదు, హాల్లో మాత్రం బొమ్మ అలుక్కుపోతుంది. వణుకును ఆపే ఏర్పాటు ఉందిగా అంటారా? అది ఆపేది మన చేతి వణుకుని, పాప పరుగుని కాదు.

ఎఫ్/2.8 లెన్సు ఖరీదెక్కువ, బరువూ కిలోకు పైనే. అందుకే కొనేముందు ఒక్కరోజు అద్దెకు తెచ్చి చూడండి. అదీ ఫైనల్‌ రోజున కాదు, ప్రాక్టీసు రోజున. కప్పు అందుకునే క్షణం రెండోసారి రాదు మరి!