శివారు కుళాయిలో క్లోరిన్ ఉందా?



పెదకూరపాడులోగాని, చుట్టుపక్కల ఏ గ్రామంలోగాని ఉదయంపూట వీధిలో కాసేపు నిలబడి చూడండి. ఇరవై లీటర్ల టిన్నులు వేసుకుని ఆటోలు తిరుగుతుంటాయి. అదే వీధిలో పంచాయతీ కుళాయి నీరు అంట్లకూ బట్టలకూ పోతూ ఉంటుంది. కుళాయి నీరు ఎందుకు తాగరని అడిగితే, "బ్లీచింగ్ వాసన, డాక్టరుగారూ" అంటారు. ఆ వాసన తరఫున నాలుగు మాటలు చెప్పాలని ఈ వ్యాసం.

1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలారు. అంతకుముందు పల్నాడు గ్రామాలు బావులను, వానచెరువులను నమ్ముకుని బతికినవే. ఇప్పుడు చాలాచోట్ల కుడి కాలువ పారినప్పుడే ఊరి మంచినీటి చెరువు నింపుకుని, కాలువ కట్టేసిన వేసవి నెలలను ఆ నీటితోనే గట్టెక్కుతాం. కాలువ నీటిలో పొలాల మురుగు, పశువుల పేడ, మనుషుల మలినం అన్నీ కలిసి వస్తాయి. కాబట్టి చెరువులో మట్టి పేరుకున్నాక నీటిని ఇసుక ఫిల్టరు గుండా పంపి, ఓవర్‌హెడ్ ట్యాంకుకు ఎక్కించి, క్లోరిన్ కలపాలి.

ఈ ఇసుక ఫిల్టరును చాలామంది ఉత్త వడపోత అనుకుంటారు. నెమ్మదిగా వడగట్టే ఫిల్టరులో అసలు పని చేసేది ఇసుక పైభాగాన పెరిగే జిగురుపొర. సూక్ష్మక్రిములను పట్టి ఉంచేది అదే. అది మూసుకుపోయినప్పుడు పైపైన పలుచగా గీకి తీయాలి; ఆ పొర మళ్లీ ఏర్పడేదాకా కొన్ని రోజులు ఆ నీటిని పూర్తిగా నమ్మకూడదు. నా ఉద్యోగకాలంలో ఒక గ్రామంలో ఫిల్టరు మూసుకుపోయిందని దాన్ని పక్కనపెట్టి చెరువు నీటిని నేరుగా ట్యాంకుకు ఎక్కించారు. వారం తిరగకముందే మా ఆరోగ్య కేంద్రం వరండాలో కూడా పడకలు వేయవలసివచ్చింది.

ట్యాంకు దగ్గర అంతా సవ్యంగా ఉన్నా ప్రమాదం తొలగినట్టు కాదు. మన ఊళ్లలో నీరు రోజంతా రాదు. సరఫరా ఆగగానే పైపులు ఖాళీ అవుతాయి. మురుగు కాలువ పక్కన పైపుకు చిన్న పగులున్నా బయటి మురికి లోపలికి దిగుతుంది. కుళాయికి నేరుగా మోటారు బిగించి లాగేవారు ఈ పీల్పును ఇంకా పెంచుతున్నారు. తమ తొట్టి నిండుతుంది, పక్కింటి బిడ్డకు విరేచనాలు పట్టుకుంటాయి! 2018 మార్చిలో గుంటూరు పాతబస్తీలో తాగునీటిలో మురుగు కలిసి అతిసారం ప్రబలి పదిమందికి పైగా మరణించారు. 2024 జులైలో మన పిడుగురాళ్లలోనూ అతిసారం వ్యాపించింది.

దారిలో చేరే ఈ కొద్దిపాటి మురికిని ఎదుర్కొనడానికే నీటిలో క్లోరిన్ మిగిలి ఉండాలి. భారతీయ ప్రమాణాల ప్రకారం అది లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు. మీరు చిరాకుపడే వాసన దాని ఆనవాలే. అమెరికాలోని జెర్సీ సిటీ 1908లోనే ఊరి నీటికి నిత్యం క్లోరిన్ కలపడం మొదలుపెట్టింది. మనమింకా వాసన దగ్గరే ఆగిపోయాం.

ఇందుకు పెద్ద ఖర్చు కూడా లేదు. 33 శాతం క్లోరిన్ ఉన్న తాజా బ్లీచింగ్ పౌడర్ అయితే, తేటగా ఉన్న లక్ష లీటర్ల నీటికి సుమారు పావుకిలో చాలు; కలిపాక గంటసేపు ఆగి వదలాలి. కాని మూతి తెరిచి మూల పడేసిన సంచిలోని పొడికి బలం ఉండదు. అందులోని క్లోరిన్ గాలికి పోయి సున్నం మిగులుతుంది. దాన్ని ఎంత పోసినా రిజిస్టరు నిండుతుందే తప్ప క్రిమి చావదు.

టిన్ను నీరు మేలు కదా అంటారా? బోరు నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన చోట ఆర్వో అవసరమే. క్లోరిన్ ఫ్లోరైడును తొలగించదు, మరిగిస్తే దాని సాంద్రత ఇంకా పెరుగుతుంది. కాని కాలువ నీరు సక్రమంగా శుద్ధి అయ్యే ఊరిలో టిన్ను కొనడం వృథా ఖర్చు. పైగా ఆర్వో నీటిలో క్లోరిన్ మిగలదు. టిన్ను సరిగా కడగకపోయినా, చేయి ముంచినా ఆ నీటికి రక్షణ లేదు. కూలి డబ్బుతో నీళ్లు కొనుక్కునే కుటుంబాలను చూస్తే నాకు బాధ కలుగుతుంది.

పంచాయతీని నేను కోరేది ఒక్కటే. ట్యాంకు కింద కాదు, ఊరి చివరనున్న ఆఖరి కుళాయి దగ్గర రోజూ క్లోరిన్ పరీక్ష చేయండి. చిన్న గాజు గొట్టంలో నీరు తీసుకుని మందు చుక్కలు వేస్తే పసుపు రంగు వస్తుంది. ఆ రంగును పట్టికతో పోల్చి చూడడమే. పదో తరగతి పిల్లలు కూడా చేయగలరు. వచ్చిన అంకెను తేదీతో సహా పంచాయతీ కార్యాలయం ముందు బోర్డు మీద రాయండి. రంగు రాని రోజున ఆ సంగతి మైకులో చెప్పించండి, ఆ పూట ఇళ్లలో నీళ్లు కాచుకుంటారు.