మూడు ప్రతుల సంగతి

మా ఇంట్లో కంప్యూటరు ఒకటి వున్నది. 2012లో కొన్నది. పొద్దున్నే మీట నొక్కి, స్నానం చేసి, కాఫీ తాగి వచ్చినా అది ఇంకా తెరమీద చుక్కలు తిప్పుకుంటూ కూర్చునేది. "ఏమండీ, దీన్నెవరికైనా ఇచ్చెయ్యరాదూ! బల్లన్నా ఖాళీ అవుతుంది" అని మా ఆవిడ రెండేళ్ళుగా పోరుతున్నది. కాలేజీలో ప్రబంధాలు చెప్పుకునే నాకు యంత్రాల మర్మం బొత్తిగా తెలియదు. నొక్కటమూ, ఎదురుచూడటమూ తప్ప మరో వైద్యం ఎరగను.

మొన్న సెలవులకు మా మేనల్లుడు వచ్చాడు. ఇంజనీరింగు మూడో సంవత్సరం చదువుతున్నాడు. పది నిమిషాలు దాని ఎదుట కూర్చుని, "మామయ్యా, ఇది ముసలిదై కాదు, మోతబరువై నడవలేకపోతున్నది" అన్నాడు.

వాడు చేసిన పనులు మీ ఇళ్ళలోనూ పనికొస్తాయి కనక చెబుతున్నాను. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ - ఈ మూడు మీటలూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ అనే పట్టిక వస్తుంది. అందులో స్టార్టప్ అనే భాగం వున్నది. కంప్యూటరు లేస్తూనే తామూ లేచి కూర్చునే ప్రోగ్రాముల జాబితా అది. మా జాబితాలో పదకొండు వున్నాయి. పిలవని పేరంటానికి వచ్చినవాళ్ళల్లే, నేను ఏనాడూ వాడనివి. వైరస్ కాపలాదారును మాత్రం వుంచి, తక్కిన వాటిలో అక్కరలేనివి ఒక్కొక్కటే ఎంచుకుని డిజేబుల్ చేశాడు. అవి ఎక్కడికీ పోవు. కావాలన్నప్పుడు మనం పిలిస్తే వస్తాయి.

రెండోది నన్ను ఆశ్చర్యపరచింది. నేను రోజూ రాత్రి బుద్ధిగా షట్ డౌన్ చేసే పడుకుంటాను. అది పూర్తి నిద్ర కాదట! విండోస్ 8 మొదలు, మర్నాడు త్వరగా లేవటం కోసం, లోపలి వ్యవస్థలో కొంత భాగాన్ని ఉన్నదున్నట్టుగా డిస్కులో దాచుకుని పడుకుంటుంది. నిన్నటి చిక్కు ఇవాళ కూడా వెంట వస్తుంది. అందుకని యంత్రం మొరాయించినప్పుడు షట్ డౌన్ కాదు, రీస్టార్ట్ చెయ్యాలి. అప్పుడు గాని అంతా మళ్ళీ మొదటినుంచి మొదలుకాదు.

మూడోదానికి కాస్త ఖర్చున్నది. పాత కంప్యూటర్లలో డిస్కు లోపల ఒక పళ్ళెం గిరగిర తిరుగుతూ వుంటుంది. దాని బదులు తిరిగే భాగాలేవీ లేని ఎస్.ఎస్.డి. అనే డిస్కు వేస్తే పాత యంత్రానికి ప్రాణం లేచి వస్తుంది. కొత్త కంప్యూటరు ఖరీదులో అది చిన్న భాగం.

"ఇంకొకటి, మామయ్యా. నువ్వు వాడుతున్నది విండోస్ 10. దానికి మామూలుగా వచ్చే రక్షణ సవరణలు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. కొత్త విండోస్ ఈ యంత్రం మోయలేదు. మొత్తం తుడిచేసి లినక్స్ వేద్దాం. ఉచితం, తేలిక. తెలుగు కూడా నిక్షేపంగా వస్తుంది" అన్నాడు.

"అట్లాగే కానియ్యి" అన్నాను, ఉదారంగా.

వంటింట్లోంచి మా ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, "మామయ్యగారి పుస్తకం అందులోనే కదండీ వున్నది?" అన్నది.

నా గుండె ఝల్లుమన్నది.

మా నాన్నగారు ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులు. పోయి పదేళ్ళు దాటింది. పోయేముందు రెండేళ్ళపాటు సాయంత్రాలు వాలుకుర్చీలో కూర్చుని తన అనుభవాలు చెబుతుంటే నేను ఈ కంప్యూటరు మీదే టైపు చేశాను. ఎనభై రెండు పేజీలయింది. ఎప్పటికైనా అచ్చు వేయిద్దామనుకున్నాను. అనుకోవటం దగ్గరే ఆగింది.

"భయం లేదు. సి డ్రైవులో ఒకటి, డి డ్రైవులో ఒకటి, రెండు ప్రతులున్నాయి" అన్నాను ధీమాగా.

మేనల్లుడు నవ్వాడు. "సి, డి రెండూ ఒకే డిస్కు, మామయ్యా. మధ్య ఒక గీత గీశారు, అంతే. డిస్కు పోతే రెండూ పోతాయి."

అప్పటికప్పుడు ఫైలును పెన్ డ్రైవులోకి ఎక్కించి మా అమ్మాయి ల్యాప్‌టాప్‌లో తెరిచాం. తెరమీద నాన్నగారు లేరు. ఇంగ్లీషు అక్షరాలు, వాటి నెత్తిన కొమ్ములు, పక్కన డాలరు గుర్తులు! ఎనభై రెండు పేజీల నిండా అదే అయోమయం.

ఇది చాలా ఇళ్ళలో జరిగే ప్రమాదం గనుక వివరంగా చెబుతాను. కంప్యూటరు అక్షరాన్ని బొమ్మగా దాచుకోదు, అంకెగా దాచుకుంటుంది. పూర్వం డి.టి.పి. వాళ్ళు, వాళ్ళను చూసి నాబోటి వాళ్ళు వాడిన తెలుగు ఫాంట్లలో అంకెలు ఇంగ్లీషు లిపివి, పైన వేషం మాత్రం తెలుగుది. ఆ ఫాంటు లేని యంత్రంలో వేషం వూడిపోతుంది. యూనికోడ్ అట్లా కాదు. అందులో తెలుగుకు 3072 నుంచి 3199 దాకా 128 స్థానాలు కేటాయించారు. 'అ' అంటే 3077, 'క' అంటే 3093. ఏ దేశంలో, ఏ యంత్రంలో చూసినా అంతే. 1991లో వెలువడిన మొదటి యూనికోడ్‌లోనే తెలుగు వున్నది. ఇరవై ఏళ్ళ తరవాత కూడా నేను పాత పద్ధతిలో టైపు చేశానంటే తప్పు నాదే.

అదృష్టవశాత్తూ పాత కంప్యూటరు ఇంకా బతికే వున్నది. ముందుగా అందులో ఫైలు తెరిచి, పి.డి.ఎఫ్.గా ఒక ప్రతి తీశాం. పి.డి.ఎఫ్.లో ఫాంటు కూడా ఇమిడి వుంటుంది కాబట్టి ఎక్కడ తెరిచినా చదువుకోవచ్చు. అయితే అందులో మాటలు వెతకటం, దిద్దటం కుదరదు. అందుకని అసలు ఫైలును యూనికోడ్‌లోకి మార్చే ప్రోగ్రాములో వేశాం. నిమిషంలో మారింది. కాని అక్కడక్కడ వత్తులు, క్రావడులు తారుమారయ్యాయి. పి.డి.ఎఫ్. పక్కన పెట్టుకుని వారం రోజులు నేనూ మా ఆవిడా అక్షరమక్షరం సరిచూశాం.

మీరు కొత్తగా తెలుగు రాయదలిస్తే ఈ బాధే అక్కరలేదు. విండోస్ సెట్టింగులలో భాషల దగ్గర తెలుగును చేర్చుకోండి. 2019 నుంచి ఫొనెటిక్ కీబోర్డు కూడా ఇస్తున్నారు. ఇంగ్లీషు అక్షరాలతో పలికినట్టు కొడితే తెలుగు వస్తుంది. విండోస్ మీట, స్పేస్ బారు కలిపి నొక్కితే ఒక భాషనుంచి మరో భాషకు మారవచ్చు.

అట్లా సరిచూస్తూ వుండగా నలభై ఒకటో పేజీ వచ్చింది. అది నేనే టైపు చేశాను. అయినా మరచిపోయాను.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు నాన్నగారి ఉద్యోగం అక్కడే. ఆ శనివారం ఏదో పనిమీద గుడివాడ వెళ్ళివుండటంవల్ల బతికారు. తిరిగి వెళ్ళేసరికి బడి లేదు. హాజరు పట్టీలున్న పెట్టె లేదు. సహాయం పంచటానికి వచ్చిన అధికారి పిల్లల జాబితా అడిగాడు. నాన్నగారు నేలమీద కూర్చుని, పిల్లలు కూర్చునే వరసలు తలుచుకుంటూ పేర్లు రాశారు. అరవై మూడు రాశారు. వెనక వరసలో కిటికీ పక్కన కూర్చునే ఇద్దరి పేర్లు మాత్రం గుర్తుకు రాలేదు. అడుగుదామంటే వాళ్ళ ఇళ్ళలో ఎవరూ మిగల్లేదు. మొహాలు కనిపిస్తున్నాయి, పేర్లు రావటం లేదు అన్నారు నాన్నగారు. ఆఖరుదాకా రాలేదు.

ఆ తరవాత ఆయన ఎక్కడ పనిచేసినా హాజరు పట్టీకి రెండో ప్రతి రాసి, పొరుగూళ్ళో తెలిసినవాళ్ళ ఇంట్లో దాచేవారు. "ఒకే కప్పు కింద వున్న రెండు పుస్తకాలు రెండు కావురా, ఒకటే" అన్నారు నాతో. ఆ మాట నేను టైపు చేసి, ఒకే డిస్కులో రెండుచోట్ల దాచుకున్నాను!

ఈ సంగతి కంప్యూటరు తెలిసినవాళ్ళు ఒక సూత్రంగా చెబుతారు: మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలు, ఒకటి ఇంటి బయట. మాకిది కొత్తేమీ కాదు. బ్రౌను దొర కడపలో పండితుల్నీ లేఖకుల్నీ కూర్చోబెట్టి తాళపత్రాలకు ప్రతులు రాయించాడని ఏటేటా పాఠం చెబుతూనే వున్నాను. తాటాకుకు చెదలెట్లాగో డిస్కుకు చావు అట్లాగే. నిలిచేది ఆకు కాదు, ప్రతి.

ఇప్పుడు నాన్నగారి పుస్తకం ఒకటి కంప్యూటరులో వున్నది. ఒకటి విడిగా కొన్న హార్డ్ డిస్కులో బీరువాలో వున్నది. మూడోది హైదరాబాదులో మా అక్కయ్య ఇంట్లో వున్నది. పెన్ డ్రైవును నమ్ముకోవద్దన్నాడు మేనల్లుడు. ఏళ్ళతరబడి సొరుగులో పడేస్తే అందులో రాత చెరిగిపోవచ్చునట. ఇంటర్నెట్టులో దాచుకోవటం మంచిదే కాని, కంప్యూటరుతో జత కలిపి వుంచితే ఇక్కడ చెరిపింది అక్కడా చెరిగిపోతుంది. కనుక అదొక్కటే చాలదు. ప్రతి తీసిన తరవాత దాన్ని వేరే యంత్రంలో తెరిచి చూసుకోవటం మరవకండి. తెరవని ప్రతి వున్నదో లేదో ఎవరికి తెలుసు?

లినక్స్ వేశాక కంప్యూటరు హాయిగా లేస్తున్నది. కాఫీ తాగటానికి వ్యవధి దొరకటం లేదు. మా ఆవిడ బల్ల ఖాళీ చెయ్యమనటం మానేసింది. ఇప్పుడు తనే సాయంత్రాలు దాని ముందు కూర్చుని వాళ్ళమ్మగారు చెప్పే పాత కబుర్లు టైపు చేస్తున్నది, యూనికోడ్‌లో.

మీ ఇంట్లోనూ అట్లాంటి ఫైలు ఒకటి వుండే వుంటుంది. పెళ్ళి ఫొటోలో, తాతగారి ఉత్తరాలో. ఈ ఆదివారం ఒక గంట తీరిక చేసుకుని, అది ఎన్ని కప్పుల కింద వున్నదో లెక్కపెట్టుకోండి.