ఎదుటివాడి ప్రశ్న

మొన్న ఆదివారం మా మనవడు "దేవుడున్నాడని రుజువేమిటి తాతయ్యా?" అన్నాడు. ఆరాధనకు వేళవుతోందని కసురుకున్నాను. వాడు మాతో రానేలేదు.

రోజంతా అన్‌సెల్మ్ గుర్తొస్తూనే ఉన్నాడు. ఫ్రాన్సులోని బెక్ మఠంలో ఉంటూ 1077-78 ప్రాంతంలో 'ప్రొస్లోగియన్' అనే చిన్న పుస్తకం రాశాడాయన. ఎవరికంటే గొప్పవాణ్ణి ఊహించనైనా లేమో ఆయనే దేవుడు. అటువంటివాడు మన తలపులో మాత్రమే ఉంటే, నిజంగా ఉన్నవాడు అంతకంటే గొప్పవాడవుతాడు. అందుచేత దేవుడు ఉండి తీరాలి. ఇదీ వాదన.

గౌనిలాన్ అనే మరో సన్యాసి ఒప్పుకోలేదు. ఆయనా విశ్వాసే సుమండీ! అన్నిటికన్నా గొప్ప ద్వీపాన్ని ఊహించుకుంటే అదీ సముద్రంలో ఉండి తీరాలా అని అడిగాడు. నా తర్కం ద్వీపాలకు వర్తించదు, లేకపోవడమన్నది ఊహకే అందని ఆ ఒక్కనికే అన్నాడు అన్‌సెల్మ్. నాకైతే ఇప్పటికీ గౌనిలాన్ వైపే కాస్త మొగ్గు.

అయినా అన్‌సెల్మ్ చేసిన పని చూడండి. ఇకమీదట తన పుస్తకానికి నకలు రాసేవారు ఆ ఆక్షేపణనూ, తన జవాబునూ కూడా చివర చేర్చాలన్నాడు.

రాత్రి భోజనాల దగ్గర వాడి ప్రశ్న నేనే ఎత్తి, అన్‌సెల్మ్ వాదన చెప్పాను. వాడు కాసేపు ఆలోచించి, "అయితే నేను ఊహించుకున్న సైకిలు కూడా ఉండాలిగా?" అన్నాడు.

గౌనిలాన్ సంగతి నేనింకా చెప్పనేలేదు.